జూన్ ముప్పయ్యో తారీకు

హథ్‌ఖోజ్‌లోని పారిశ్రామికవాడలో ఉన్న ఆ రేకుల షెడ్డులో పొద్దున్నే కంప్యూటర్ లేపాలంటే ముందు ఏసీ వెయ్యాలి. గది చల్లబడ్డాక డిస్కు మోటార్లు ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చెయ్యాలి. నాలుగూ ఒకేసారి వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. బీరువాలంత పెట్టెల మీద నాలుగు దీపాలూ ఆకుపచ్చగా వెలిగేదాకా నిలబడి చూసి, అప్పుడు స్టార్ట్ బటన్ నొక్కాలి. కాసేపటికి తెర మీద మొదటి ప్రశ్న వస్తుంది: ఈ రోజు తారీకు?

1996 జూలై పద్దెనిమిది, గురువారం. రజనీకుమారి చున్నీ భుజం మీదికి సర్దుకుని కుర్చీ ముందుకి లాక్కుని 30-06-96 అని కొట్టింది. యంత్రం ఒప్పుకుని పనిలో పడింది. ఆ రోజుతో కలిపి పదహారు పనిరోజులుగా ఆమె చెబుతున్న జవాబు అదే.

జూలై ఒకటిన మాత్రం నిజం తారీకే కొట్టింది. లైసెన్సు గడువు ముగిసింది, అమ్మినవారిని సంప్రదించండి అని ఒక వాక్యం వచ్చి యంత్రం ఆగిపోయింది. వెనక నిలబడి ఉన్న పార్థసారథి గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

"నిన్నటి తారీకిచ్చి చూడు," అన్నారు.

నిన్నటి తారీకుతో లేచింది. ఆ నిన్న ఆదివారం. షెడ్డుకి తాళం వేసి ఉన్న రోజు. అప్పటినుంచి యంత్రానికి అదే ఆదివారం నడుస్తోంది.

పార్థసారథి గారు స్టీలుప్లాంటు కంప్యూటర్ సెంటర్లో ఆఫీసరు ఉద్యోగం వదులుకుని, కలకత్తాలో ఏదో జనపనార మిల్లు అమ్మకానికి పెట్టిన ఈ పాత మెయిన్‌ఫ్రేమును లారీ మీద తెప్పించుకున్నారు. హథ్‌ఖోజ్‌లో నలభై చిన్న కర్మాగారాలకు జీతాల చిట్టీలు, హాజరు పట్టీలు ఇక్కడే తయారవుతాయి. యంత్రం ఆయన సొంతం. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం ఆయనది కాదు. బొంబాయి కంపెనీ ఏడాదికోసారి అద్దె తీసుకుని ఒక కోడు పంపుతుంది, ఆ కోడుకి గడువు ఉన్నంతకాలమే యంత్రం లేస్తుంది. మిల్లువాళ్లు అప్పటికే కట్టిన లైసెన్సు మిల్లుతోనే పోయింది, యంత్రంతోపాటు రాలేదు.

"మనం వాడేది ఇందులో పావువంతు రజనీ," అనేవారాయన, డిస్కు పెట్టె మీద అరచెయ్యి ఆనించి. "మిగతా ముప్పావూ నిద్రపోతోంది. నిద్రపోయేదానికీ అద్దె కట్టాలట. మిషను సైజుని బట్టి గాని పనిని బట్టి కాదట. సరే, సగం విప్పేసి చిన్నది చేసుకుంటానంటే, విప్పడానికి వాళ్ల మనిషే రావాలి. దానికి వేరే రుసుము."

నెలాఖరుకు యూనిట్లవాళ్ల డబ్బు రాగానే కట్టేద్దామన్నారు. అంతవరకు ఆ తారీకే ఉంచమన్నారు. జూన్ జీతాల చిట్టీల మీద జూన్ తారీకు పడితే ఎవరికీ వింతగా కనిపించలేదు. రజనికి కూడా వేళ్లు ఆ ఆరంకెలకి అలవాటుపడిపోయాయి.

పదిన్నరకి భుజంగరావు వచ్చాడు. రెండు వీధుల అవతల ఇనుము పోతపోసే కర్మాగారానికి మేనేజరు. స్కూటర్ ఆపకుండానే దిగినట్టు వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విప్పుతూనే చెప్పాడు.

"మా మనిషి ఒకడి రికార్డు కాపీ కావాలమ్మాయ్. అప్పలసూరి. టికెట్ నంబరు నూట పద్నాలుగు. స్టాంపు వేసి ఇవ్వాలి. జల్దీ."

రజని నంబరు కొట్టింది. పక్కగదిలో ప్రింటరు ఒక్క పేజీ గరగరలాడించి ఆగింది. అంచుల్లో చిల్లులున్న కాగితం చింపి, స్టాంపు వేసి, పొట్టి సంతకం చేసి ఇచ్చింది. భుజంగరావు నిలబడే చదివాడు. చదువుతూ కుర్చీలో కూర్చున్నాడు. వచ్చేటప్పుడున్న తొందర ఇప్పుడు లేదు.

"పేరు కొట్టేసిన తారీకు జూన్ ముప్పై అని ఉంది. ఎవరు వేశారిది?"

"మీరు పంపే మార్పుల స్లిప్పులో తారీకు ఖాళీగా ఉంటే మిషనే వేసుకుంటుంది సార్."

"మిషనే వేసిందన్నమాట."

"ఆ స్లిప్పు మీరు పంపింది మొన్న శనివారం. పదమూడున. ఉండండి, చేత్తో సరిచేసి..."

ఆమె పెన్ను తీసేలోపు అతను కాగితం వెనక్కి లాక్కున్నాడు.

"వద్దొద్దు. చేత్తో గీకితే దాని విలువ పోతుంది. కంప్యూటర్ కాగితం కంప్యూటర్ కాగితంలాగే ఉండనీ." కాగితాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. పై నుంచి ఒకసారి తట్టుకున్నాడు కూడా. "ఆ స్లిప్పు మీ దగ్గరుంటే ఇచ్చెయ్. మా ఫైల్లో ఉండాలి."

స్లిప్పులు ఎలాగూ యూనిట్లకి తిరిగిచ్చేసేవే. రజని కట్టలోంచి తీసి ఇచ్చింది.

*

సాయంత్రం సెక్టర్ టూలో స్టీలుప్లాంటు క్వార్టరుకి వచ్చేసరికి అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. తడిసిన చీర కుచ్చెళ్లు పిండుకుంటోంది. మొదటి షిఫ్టు దిగి వచ్చిన తండ్రి సింహాద్రి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఈమె జోగమ్మత్తమ్మా," అన్నాడు సింహాద్రి. "మన పాలకొండ కాడోలే. కేంప్‌లో కూలీల బస్తీలో ఉంతారు. ఈల్లాయనకి హథ్‌ఖోజ్‌లో దెబ్బ తగిలింది. ఏదో కాయితం ఇచ్చినారట, హిందీలో ఉంది. నువ్వు సదివి సెప్పు."

జోగమ్మ పాలిథిన్ సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చింది. పైన ఉన్నది పోత కర్మాగారం ఉత్తరం. దాని వెనక, అంచుల్లో చిల్లులతో, పొద్దున తను చింపి ఇచ్చిన పేజీకి జిరాక్సు. స్టాంపూ పొట్టి సంతకమూ నల్లగా పడ్డాయి.

రజని చదివి తెలుగులో చెప్పింది. అప్పలసూరి అనే మనిషి పేరు జూన్ ముప్పయ్యో తారీకునే పట్టీలోంచి తీసేశాం. జూలై పదకొండున జరిగిన ప్రమాదానికీ కంపెనీకీ సంబంధం లేదు. నర్సింగ్‌హోమ్ ఖర్చుకి ఇకనుంచి కంపెనీ పూచీ ఉండదు.

జోగమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని వింది.

"పనిలోనే నేడంతన్నారా? పనిలో నేనోడి సెయ్యి మోల్డు డబ్బా కిందికి ఎలాగొచ్చిందో అడగమ్మా ఆలని. రగతం కారతంటే మేనేజరుబాబే సొయంగా ఆటో ఎక్కించినాడు. నాలుగు వేళ్లు బాగానే ఉన్నాయి, నిలబెట్టీగలమని డాకటరన్నాడు. ఇప్పుడేటి, కంప్యూటర్ అలాగ సెప్పిందా?"

"అలాగే రాసి ఉందత్తా."

సింహాద్రి కాగితం అందుకుని స్టాంపు వైపు చూశాడు. "ఇది మీ ఆఫీసుదే గదా?"

"మాదే నాన్నా."

"తప్పు పడే దారుందేటి?"

లోపల అమ్మ టీ వడకడుతోంది. గిన్నె మీద చెంచా మూడుసార్లు కొట్టిన చప్పుడయింది. రజని ఆ కాగితం తండ్రి చేతిలోంచి తీసుకుని మడిచింది.

"రేపు ఆఫీసులో చూసి చెప్తాను," అంది.

"నాను రేపే యూనియన్ ఆఫీసుకెల్లి లేబరాఫీసుకి అర్జీ ఎట్టిస్తాను," అన్నాడు సింహాద్రి జోగమ్మతో. "నువ్వు బెంగెట్టుకోకు."

జోగమ్మ టీ తాగకుండానే వెళ్లింది. నర్సింగ్‌హోమ్‌లో మొగుడు ఒక్కడే ఉన్నాడంది.

*

మర్నాడు పార్థసారథి గారు వచ్చేదాకా రజని పని మొదలుపెట్టలేదు. ఆయన కుర్చీలో కూర్చున్నాక ఎదురుగా నిలబడి మొత్తం చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని విన్నారు.

"మనం ఒక్క ఉత్తరం రాస్తే చాలు సార్. ఆ తారీకు తప్పని."

"ఎందుకు తప్పిందని అడగరా?"

ఆయన లేచి అలమరలోంచి ఒప్పందం ఫైలు తీశారు. పేజీలు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆయన ఇదివరకే చాలాసార్లు తెరిచిన చోట అది దానంతటదే తెరుచుకుంది.

"పదకొండో పేజీ. గడువు తీరాక ఏ ఉపాయంతోనైనా నడిపినట్టు తెలిస్తే లైసెన్సు శాశ్వతంగా రద్దు. తెలుగులో ఇంతే. ఇంగ్లీషులో ముప్పై లైన్లుంది. ఆ తర్వాత ఈ నాలుగు పెట్టెలూ ఉత్త ఇనుము. నువ్వు, నేను, డేటా ఎంట్రీ పిల్లలు, అందరం తొమ్మిదిమందిమి. మనం లేకపోతే నలభై చోట్ల జీతాలు ఆగుతాయి. అదీ చూసుకోవాలి గదమ్మా."

"ఆ మనిషి చెయ్యి నలిగింది సార్."

"తెలుస్తోంది." ఆయన ఫైలు మూసి తాడు కట్టారు, ముడి ఊడదీసి మళ్లీ కట్టారు. "నెలాఖరు దాకా ఆగను. సోమవారానికల్లా ఎలాగో కట్టేస్తాను. మంగళవారం నుంచి నిజం తారీకే వేద్దువుగాని. ఇంకెవరికీ ఇలా జరగదు."

"జరిగినాయనకి?"

"లేబర్ ఆఫీసు వ్యవహారం ఒక్క రోజులో తేలేది కాదు రజనీ. ఏళ్లు పడుతుంది. ఈలోగా ఏదో దారి ఆలోచిద్దాం. తొందరేం లేదు."

తొందరేం లేదన్న మాట రజనికి కొంచెం ఊరటగానే వినిపించింది. తిరిగి వచ్చి యంత్రం ముందు కూర్చుంది. డిస్కు మోటార్లు వేసింది. తెర మీద ప్రశ్న వచ్చాక కాసేపు కీబోర్డు వైపు చూసి, 30-06-96 అని కొట్టింది. శనివారం కూడా అదే కొట్టింది. సోమవారం కూడా.

సోమవారం సాయంత్రం సింహాద్రి చెప్పాడు: యూనియన్‌వాళ్లు వెంటపడితే లేబర్ ఆఫీసరు బుధవారానికి విచారణ పెట్టాడు. కంప్యూటర్ ఆఫీసుకి కూడా నోటీసు వెళ్లింది. జోగమ్మ మాత్రం నాలుగు రోజులుగా ఇటు రాలేదు.

"ఆఫీసులో సూత్తానన్నావు. ఏటైంది?" అన్నాడు.

"చూస్తున్నాను నాన్నా," అంది.

*

మంగళవారం పార్థసారథి గారు ఆటోలో వచ్చారు. షెడ్డు పక్కన వేపచెట్టు కింద రోజూ ఆగే ఫియట్ కారు లేదు, ఆయన దాని సంగతి ఎత్తలేదు. బొంబాయి నుంచి ఫాక్సులో వచ్చిన కోడు కాగితం రజని ముందు పెట్టారు. పద్నాలుగు అక్షరాలు, అంకెలు కలిసి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే చదువుతుంటే ఆమె కొట్టింది. తారీకు అడిగితే 23-07-96 అని కొట్టింది. యంత్రం ఏమీ తెలియనట్టు ఒప్పుకుంది.

"హమ్మయ్య," అన్నారు పార్థసారథి గారు. నవ్వబోయి మానేశారు. జేబులోంచి ఇంకో కాగితం తీశారు. "రేపు దుర్గ్‌లో విచారణ. నువ్వెళ్లు. ఆ పేజీ మన మిషనుదేనా అని అడుగుతారు. అవునంటే చాలు. అడిగినదానికే జవాబు చెప్పు."

ఆయన తన గదిలోకి వెళ్లాక రజని తెర వైపు చూస్తూ కూర్చుంది. రేపు ఆ ఆఫీసరే స్వయంగా వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నా, తెర మీద కనిపించేది ఆ రోజు తారీకే. నిన్నటిదాకా నడిచిన ఆదివారం ఇప్పుడు ఎక్కడా లేదు. తను నోటితో చెబితే, ఆపరేటరు పిల్ల ఏదో చెబుతోందని అతను భుజంగరావు వైపు చూస్తాడు. భుజంగరావు జేబులో కాగితం ఉంది.

కానీ డిస్కులోంచి అది పోలేదు. ఎక్కించిన ప్రతి పేరు పక్కనా, తీసేసిన ప్రతి పేరు పక్కనా, మార్చిన ప్రతి అంకె పక్కనా మిషను తన తారీకు తనే వేసుకుని ఉంది.

ఆమె చిన్న ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టింది. పన్నెండు లైన్లు. నలభై యూనిట్లలో జూన్ ముప్పై నుంచి నిన్నటివరకు జరిగిన మార్పులన్నీ, తారీకువారీగా. ఒక చోట చుక్క మర్చిపోతే మిషను తప్పుపట్టింది. దిద్దింది. మధ్యాహ్నం పిల్లలంతా డబ్బాలు విప్పుకుని తింటుండగా ప్రింటరు మొదలైంది.

జూన్ ముప్పై: మూడు వందల పన్నెండు మార్పులు. జూలై ఒకటి: ఏమీ లేదు. రెండు: ఏమీ లేదు. ఇరవై రెండు దాకా అంతే.

పోత కర్మాగారం పేజీ ఆమె వేలు పెట్టి చదివింది. అప్పలసూరి పేరుకి కాస్త పైన ఇద్దరు క్రేన్ హెల్పర్లు. చేరిన తారీకు భుజంగరావే చేత్తో రాసి పంపాడు గనక సరిగ్గానే ఉంది: జూలై ఎనిమిది. పక్కన మిషను వేసుకున్న ఎక్కించిన తారీకు: జూన్ ముప్పై.

వెనక అడుగుల చప్పుడయింది. పార్థసారథి గారు ప్రింటరు ట్రేలోంచి కాగితాల దొంతర ఎత్తి చూస్తున్నారు. మొదటి పేజీ చదివారు. రెండోదీ చదివారు. మడత మడతగా కిందికి జారుతున్న కాగితాన్ని మోకాలితో ఆపి చివరిదాకా చదివారు. రజని లేచి నిలబడింది. ఏం అడిగినా చెప్పడానికి ఒక మాట సిద్ధం చేసుకుంది. ఆ మాటతో ఉద్యోగం పోతుందని కూడా అనుకుంది.

"చివరి పేజీలు లేతగా పడ్డాయి," అన్నారాయన. "రిబ్బన్ మార్చి మళ్లీ తియ్యి. చదివేవాళ్లకి కనిపించాలి."

దొంతర ట్రేలో పెట్టి, అంచులు సమం చేసి, వెళ్లిపోయారు.

*

దుర్గ్‌లో లేబర్ ఆఫీసు పాత బంగళా. వరండాలో బెంచీ మీద జోగమ్మ కూర్చుని ఉంది. రజనిని చూసి తలాడించింది గాని పలకరించలేదు. కళ్లు లోపలికి పోయాయి. సింహాద్రికి షిఫ్టు ఉండి రాలేదు. యూనియన్ మనిషి ఒకతను వచ్చాడు.

లోపల అంతా హిందీలోనే నడిచింది. ఆఫీసరు యాభై దాటినవాడు, గొంతు ఎత్తకుండా మాట్లాడతాడు. భుజంగరావు ఇచ్చిన కాగితం చదివి గోడమీది క్యాలెండర్ కేసి చూశాడు.

"జూన్ ముప్పై ఇత్‌వార్. ఆదివారం నాడు పేరు తీసేశారా?"

"కొలిమికి ఆదివారమేముంది సాబ్. ఎప్పుడూ మండాల్సిందే," అన్నాడు భుజంగరావు. "అయినా మా చేతి రాత కాదు గదా. కంప్యూటర్ చెప్పింది."

ఆఫీసరు రజని వైపు తిరిగాడు. "ఈ కాగితం మీ మిషనుదేనా?"

"అవునండి."

"సంతకం?"

"నాదే."

ఆయన తల ఊపి కలం తెరిచాడు. అడిగినదానికి జవాబు అయిపోయింది. భుజంగరావు కుర్చీలో వెనక్కి వాలాడు. రజని సంచిలోంచి దొంతర తీసి బల్లమీద పెట్టింది.

"ఇది కూడా మా మిషనుదేనండి."

"ఏమిటిది?"

ఆమె పోత కర్మాగారం పేజీ తెరిచి, ఇద్దరు హెల్పర్ల పేర్ల కింద వేలు పెట్టింది. ఆఫీసరు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"చేరింది ఎనిమిదో తారీకు. పేరెక్కింది దానికి ముందు నెల ముప్పైనా? చేరక ముందే పేరెక్కిందా?" భుజంగరావు వైపు చూశాడు. "వీళ్లు మీ మనుషులేనా?"

"మా మనుషులే," అన్నాడు భుజంగరావు, పేజీ తన వైపు తిప్పుకుంటూ. "ఇదేదో పొరపాటు..."

"పొరపాటు కాదండి," అంది రజని. "జూలై ఒకటి నుంచి నిన్నటి ముందు రోజు దాకా మిషను తారీకు ముప్పై దగ్గరే ఉంచి నడిపాం. లైసెన్సు గడువు దాటింది, ఆ తారీకుతో తప్ప లేవదు. నలభై కంపెనీల్లో ఈ మూడు వారాల్లో ఏం మార్చినా ఆ తారీకే పడింది. అప్పలసూరి పేరు తీసెయ్యమని స్లిప్పు వచ్చింది పదమూడున. దెబ్బ తగిలిన రెండు రోజులకి."

ఆఫీసరు పేజీలు వెనక్కి తిప్పుతూ జూలై తారీకుల ఎదురుగా ఖాళీలు చూసుకుంటూ పోయాడు.

"ఆ తారీకు టైపు చేసిందెవరు?"

"నేనే."

ఎవరు చెయ్యమన్నారని అతను అడగలేదు. అతనికి ఒక పేరు కావాలి, ఆ పేరు ఎదురుగానే ఉంది. వాంగ్మూలం తనే రాసి, గట్టిగా చదివి, సంతకం చెయ్యమన్నాడు. రజని ఈసారి పూర్తి పేరు రాసింది. ఆ తర్వాత అతను ఉత్తర్వు చెప్పాడు: ప్రమాదం జరిగిన రోజున అప్పలసూరి కర్మాగారం పనివాడే, ఆ రోజునుంచి వైద్యం ఖర్చు కంపెనీది, నష్టపరిహారం ఎంతన్నది డాక్టర్ల నివేదిక వచ్చాక.

బయటికొస్తూ భుజంగరావు రజని పక్కన ఆగాడు. కోపంగా లేడు. లెక్క మార్చుకుంటున్న మనిషిలా ఉన్నాడు.

"రేపట్నుంచి మా పని మీకు రాదు. పార్థసారథి గారితో చెప్పు. మిగతావాళ్లు కూడా నన్నడుగుతారు, ఎందుకు మానేశావని. చెప్పక తప్పదు కదా."

*

వాన సన్నగా పడుతోంది. జోగమ్మ మెట్ల మీద నిలబడి ఉంది. రజని గొడుగు విప్పింది.

"గెలిచినామని యూనియన్ బాబు సెప్పినాడు," అంది జోగమ్మ. "ఆఫీసరు సదివిందాంట్లో నీ పేరొచ్చింది పాపా. ఏటి సదివినాడు?"

రజని తన వాంగ్మూలాన్ని తనే తెలుగులోకి మార్చింది. "మావయ్య పేరు కొట్టేసింది నేనే. మిషనులో తప్పుడు తారీకు పెట్టిందీ నేనే. అదీ రాశాడు."

"తెలీక ఎట్టీసినావేటి?"

జోగమ్మే దారి చూపించినట్టయింది. అవునంటే సరిపోయేది.

"తెలిసే పెట్టానత్తా."

"గురారం నాడు నాను కాయితం అట్టుకొచ్చినప్పుడూ తెలుసా?"

"తెలుసు."

జోగమ్మ కొంగు తల మీదికి లాక్కుని మెట్లు దిగింది. రజని కూడా దిగింది. గొడుగు ఆమె మీదికి పట్టింది. జోగమ్మ దాని కిందికి జరగలేదు, తప్పుకోనూ లేదు. రోడ్డు మలుపు దాటాక ఎవరికో ఇంటి గుర్తులు చెబుతున్నట్టు చెప్పింది.

"సెనివారం పొద్దున నర్సింగోమోలు ఎల్లిపొమ్మన్నారు. కంపెనీ పూచీ నేదు, మేమేటి సేత్తామన్నారు. సర్కారాస్పత్రిలో మంచం దొరికేతలికి ఆదోరం అయిపోనాది. అప్పటికే సీము పట్టీసి వేళ్లన్నీ నల్లబడిపోనాయి. సోమోరం మనికట్టు కాడికి తీసీసినారు."

రజని నడక ఆగింది. జోగమ్మ ఆగలేదు. గొడుగు లేకుండా నాలుగడుగులు ముందుకెళ్లింది. రజనికి హథ్‌ఖోజ్ వెళ్లే టెంపో ఎక్కాల్సిన చోటు కుడివైపు ఉంది. ఆమె ఎడమవైపే, జోగమ్మ వెనకాలే నడిచింది.

ఆసుపత్రి వార్డులో కిటికీ పక్క మంచం మీద అప్పలసూరి కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లవాడు. కుడిచేతికి మోచేతి దాకా గుడ్డ చుట్టి ఉంది, అరచెయ్యి మొదలవ్వాల్సిన చోటే గుడ్డ అయిపోయింది. ఎడంచేత్తో బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు. అది విరిగి గ్లాసులో పడింది. గ్లాసు వంచి చూసి, వేళ్లు పెట్టి తీద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

"సింహాద్రన్న కూతురు," అంది జోగమ్మ. "కంపెనీ పుస్తకంలో నీ పేరు మల్లీ ఎక్కించింది."

ఇంకో మాట వస్తుందని రజని చూసింది. జోగమ్మ మంచం కింద ఉన్న బిందె తీసుకుని నీళ్లు పట్టడానికి కుళాయి వైపు వెళ్లిపోయింది.

అప్పలసూరి గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, ఒక్క చెయ్యి నుదుటి దాకా ఎత్తాడు.

"సల్లగుండమ్మా. సదూకున్న పిల్లవి, మాలాటోల్లకి అడ్డం నిలబడినావు. కూకో, నిలబడిపోనావేటి?"

అతని ముఖంలో అనుమానమన్నది లేదు. పక్క మంచం ముసలాయన కూడా ఇటు తిరిగి గౌరవంగా చూస్తున్నాడు. వార్డు చివర కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మావయ్యా," అంది రజని. "కొట్టేసిందీ నేనే."

"ఏటి?" అన్నాడతను, అర్థంకాక నవ్వుతూనే.

ఆమె స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. జూలై ఒకటో తారీకు పొద్దున్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.